ఎత్తడం వేరు, ఎత్తుకోవడం వేరు

నడక సరిగా రాని పిల్ల రెండు చేతులు పైకి చాపి అడిగే మాట ‘ఎత్తుకో’. వరంగల్ వైపు ఇళ్లలో అది మొదట్లో ‘ఎత్కో’ అనో, ఒట్టి ‘ఎత్తో’ అనో వినిపిస్తుంది. చాపిన చేతులే చెప్పేస్తాయి కాబట్టి మాట పూర్తిగా రాకపోయినా పెద్దలకు అర్థమైపోతుంది. ఇంత చిన్న వయసులోనే నోటికెక్కే క్రియ కావడం వల్ల కాబోలు, దాని అర్థం గురించి పెద్దయ్యాక ఎవరూ ఆలోచించరు. నిఘంటువు తెరిస్తే ముందు ‘ఎత్తు’ ఉంటుంది, దాని పక్కన ‘పైకి లేపు’ అని ఉంటుంది. ‘ఎత్తుకొను’ దాని కింద ఎక్కడో సర్దుకుని కూర్చుంటుంది.

కానీ ‘పైకి లేపు’ అన్న అర్థం ఒక్కటే పట్టుకుంటే ఈ మాట వాడుకలో సగం కూడా అర్థం కాదు. పిల్లను ఎత్తుకుంటారు, బోనం ఎత్తుకుంటారు, పాట ఎత్తుకుంటారు, ఊరి సమస్యను భుజానికెత్తుకుంటారు. దొంగ వస్తే ఎత్తుకపోతడు. వీటిలో కొన్నింటికి పైకి లేవడంతో సంబంధమే లేదు. అన్నింటినీ కలిపేది చివరున్న ‘కొను’. ఆ బరువు ఎవరి ఒంటి మీదికి, ఎవరి బాధ్యతలోకి వచ్చిందన్నదే ఈ క్రియ ముందుగా చెప్పే సంగతి.

ఈ తేడా కళ్లకు కట్టాలంటే పొలం గట్టు మీద చూడాలి. సాయంత్రం గడ్డి కోసిన మనిషి మోపు కట్టింది. ఒక్కతే దాన్ని నెత్తి మీదికి తెచ్చుకోలేదు. దారిన పోయేవాళ్లను పిలిచి, ‘‘అక్కా, జర ఈ మోపు ఎత్తవా’’ అంటుంది. వచ్చినామె ఒక పక్క పడుతుంది, ఈమె ఇంకో పక్క పట్టి మోకాలి దాకా లేపి, మెడ వంచి చుట్టబట్ట మీదికి తీసుకుంటుంది. రెండు నిమిషాల పని. ఇద్దరూ కలిసే మోపును పైకి లేపారు. అయినా వచ్చినామె మోపు ‘ఎత్తింది’, గడ్డి కోసినామె ‘ఎత్తుకున్నది’. ఎత్తినామె చేతులు దులుపుకొని తన దారిన పోతుంది, ఎత్తుకున్నామె ఇంటి దాకా మోస్తుంది. జరిగిన మొత్తం పనికి ‘ఎత్తించుకున్నది’ అనే ఇంకో రూపం కూడా ఉంది: సాయం ఇంకొకరిది, బరువు తనది. ఏనుమాముల మార్కెట్‌లో బస్తా లేపి ఇంకొకరి వీపు మీద పెట్టే హమాలీలు కూడా ఎత్తుతారు. మోసే మనిషి మాత్రం ఎత్తుకుంటాడు.

‘కొను’ తెలుగులో ఎన్నో క్రియల చివర చేరి, చేసిన పని చేసినవాళ్లకే చెందుతుందని చెబుతుంది. వండితే ఎవరికోసమైనా వండినట్టు, వండుకుంటే తన కోసం. ఒంటరిగా వాడితే అదే ‘కొను’ డబ్బులిచ్చి సొంతం చేసుకోవడం. మనుషుల విషయానికొస్తే ఈ చిన్న చేర్పు బంధాన్నే మార్చేస్తుంది. ‘పెంచిన కొడుకు’ అంటే ఎవరి కొడుకైనా కావచ్చు. ‘పెంచుకున్న కొడుకు’ అనగానే దత్తత అని తెలిసిపోతుంది. ఉత్తర తెలంగాణలో ‘సాదుకున్న బిడ్డ’ అన్నా అదే. కాగితం మీద ఏ పదం రాసినా, ఆ పిల్ల ఈ ఇంటిదైందని చెప్పేది ‘కొను’.

అందుకే కృష్ణుడు గోవర్ధనగిరిని ఎత్తాడు అంటాం, యశోద కృష్ణుణ్ణి ఎత్తుకుంది అంటాం. ఈ రెండు వాక్యాల్లో క్రియలు తారుమారు చేసి చూస్తే చెవికే తెలుస్తుంది. ‘యశోద కృష్ణుణ్ణి ఎత్తింది’ అంటే వాక్యం ఆగిపోయినట్టుంటుంది, ఎత్తి ఎక్కడ పెట్టిందని అడగాలనిపిస్తుంది. కొండను చిటికెన వేలి మీద ఎత్తింది గోపాలురకు గొడుగు పట్టడానికి. ఫలితం వాళ్లది కాబట్టి అక్కడ ‘కొను’ అవసరం రాలేదు.

నీళ్ల సంగతిలోనూ ఇదే న్యాయం. ఏటూరునాగారం దగ్గర గంగారం వద్ద గోదావరి నీళ్లను పైకి తోడి మెట్ట ప్రాంతాలకు పంపే దేవాదుల పథకాన్ని ఎత్తిపోతల పథకం అంటారు. ఎత్తి, పోయడం. మోటార్లు రాకముందు గూడతో నీళ్లు తోడిన రైతు చేసిందీ అదే: కింద నుంచి ఎత్తి పై మడిలోకి పోయడం. నీళ్లు ఎత్తినవాడి దగ్గర నిలవవు, ముందుకు పోతాయి. అందుకే ఆ పనికి ‘పోత’ తోడైంది.

మనిషిని పట్టి ఉంచడానికి తెలుగులో ఇంకా చాలా మాటలున్నాయి: పట్టుకొను, హత్తుకొను, కావలించుకొను, అదుముకొను. అన్నిటి చివరా ‘కొను’ ఉండటం గమనించాల్సిన విషయం. అయితే ఒకదాని స్థానంలో ఇంకొకటి నడవదు. హనుమకొండ బస్టాండులో రద్దీ బస్సు ఎక్కే తల్లి చంకలో పిల్ల, చేతిలో సంచి పెట్టుకొని మెట్టు మీద కాలు పెట్టలేక, లోపల కూర్చున్నామెతో కిటికీలోంచి, ‘‘అక్కా, జర పిల్లను పట్టుకో, ఎక్కుత’’ అంటుంది. ముక్కు మొహం తెలియని మనిషిని ‘ఎత్తుకో’ అనదు. పట్టుకోవడం కాసేపటి పని, పడిపోకుండా ఆపితే చాలు. ఎత్తుకొమ్మంటే పిల్ల బాధ్యతే అప్పగించినట్టు. తర్వాత బస్సు కదిలాక పిల్ల ఏడుపు అందుకుంటే, ఆ కిటికీ పక్కనామె తనంతట తానే చేతులు చాపి, ‘‘ఇటియ్యి, నేనెత్తుకుంట’’ అంటుంది. అడగడానికి మొహమాటపడే మాటను ఇవ్వడానికి ఎవరూ మొహమాటపడరు.

హత్తుకోవడం, కావలించుకోవడం ఇద్దరి మధ్య సమానంగా జరగగలవు. దసరా నాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకునే ఇద్దరు మనుషులు ఒకరినొకరు కావలించుకున్నారు అంటే చాలు. ‘కొను’కు ఈ పరస్పరం అనే అర్థం కూడా ఉంది. కొట్టుకున్నారు, తిట్టుకున్నారు, మాట్లాడుకున్నారు అన్నచోటల్లా అదే కనిపిస్తుంది. ‘ఎత్తుకున్నారు’లో మాత్రం ఆ అర్థం రానే రాదు. ఎంతమందిని కర్తలుగా పెట్టినా ఒకరు ఎత్తుకునేవారు, ఇంకొకరు ఎత్తుకోబడేవారు. ఒక పక్క కాళ్లు నేల మీద ఉండాలి, రెండో పక్క కాళ్లు నేల వదలాలి. తెలుగులో పట్టి ఉంచే మాటల్లో ఇంత ఏకపక్షమైన క్రియ ఇంకోటి లేదనిపిస్తుంది. ఆ ఏకపక్షం వల్లే అందులో అంత నమ్మకం ఉంది.

దానికి వయసు పరిమితి కూడా ఉంది. ఐదారేళ్లు దాటిన పిల్లవాడు ‘సంక దిగుతలేడు’ అంటే అది ఫిర్యాదు. ఇక్కడ చంకను సంక అంటారు. ఇంకా పెద్దయితే వీపు మీద ఉప్పుమూట ఆటగా మిగులుతుంది. పెద్దవాళ్ల మీద ఈ క్రియ వాడామంటే ఆ మనిషి కాళ్ల మీద నిలబడే స్థితిలో లేనట్టే. జ్వరంతో పడిపోయిన ముసలి తల్లిని కొడుకు ఎత్తుకొని ఆటోలో కూర్చోబెట్టాడంటే వినేవాళ్లకు ఆమె ఎంత నీరసపడిందో వేరే చెప్పనక్కర్లేదు. దూరం పెరిగితే క్రియ మారుతుంది. రోడ్డు లేని గూడెం నుంచి రోగిని వాగులు దాటించి తెస్తే ‘మోసుకొచ్చారు’. మోయడంలో దూరం, అలసట ఉన్నాయి. ఎత్తుకోవడంలో దగ్గరితనం ఉంది. తొమ్మిది నెలలు మోసిన తల్లి, పుట్టాక ఎత్తుకుంటుంది.

చనిపోయిన మనిషి పాడెను ఎత్తుతారు, మోస్తారు, లేపుతారు. కళ్లు మూసిన పసిబిడ్డ దగ్గర మాత్రం తండ్రి ఎత్తుకొని పోయాడనే అంటారు. అక్కడ ఇంకో మాట వాడటానికి ఎవరికీ నోరు రాదు.

‘ఎక్కువ ఎత్తుకోకు, అలవాటైతది’ అన్న హెచ్చరిక ఈ మాట చుట్టూ తిరిగే పెద్ద వాదం. కొత్తగా తల్లైన అమ్మాయికి ఇంట్లో పది మంది పది రకాలుగా చెబుతారు, ఆమెకు అదో టెన్షన్. 1986లో కెనడాలో జరిగిన ఒక అధ్యయనంలో, ఏడ్చినప్పుడే కాకుండా మామూలుగా కూడా అదనంగా ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో మిగతా పిల్లల కంటే 43 శాతం తక్కువ ఏడ్చారు. తర్వాతి అధ్యయనాలన్నింటిలో ఇంత తేడా రాలేదు కానీ, ఎత్తుకోవడం వల్ల నెలల పిల్లలు చెడిపోతారని మాత్రం తేలలేదు. 2013లో జపాన్ పరిశోధకులు చూపింది ఇంకా ఆసక్తికరం. తల్లి ఎత్తుకొని కూర్చున్నప్పటి కంటే ఎత్తుకొని నడుస్తున్నప్పుడు ఆరు నెలల లోపు పిల్లల గుండె వేగం తగ్గింది, ఏడుపు, కదలికలు తగ్గాయి. 2022లో అదే పరిశోధన కొనసాగి, ఏడుస్తున్న పిల్లను ఐదు నిమిషాలు ఎత్తుకొని నడిచి, నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు అలాగే పట్టుకొని కూర్చుని, తర్వాత పడుకోబెట్టడం మేలని సూచించింది. ఇంట్లో నాయినమ్మలు ఉత్త ‘ఎత్తుకో’ అని ఊరుకోరు. ‘‘ఎత్తుకొని జర అటిటు తిప్పు’’ అంటారు. రెండు క్రియలు జంటగా వస్తాయి. ఆ ‘తిప్పు’ లోపిస్తే సగం పనే చేసినట్టని భాషకు ముందే తెలుసు.

ఎవరు ఎత్తుకోవాలన్నది కొన్ని సందర్భాల్లో బంధుత్వం నిర్ణయిస్తుంది. పుట్టువెంట్రుకలు తీసేటప్పుడు పిల్లవాడు మేనమామ ఒడిలో ఉండాలి. వేములవాడ రాజన్న దగ్గర మొక్కు తీర్చుకునే కుటుంబాల్లో మేనమామ కోసం ఎదురుచూపులు మామూలే. చాలా ఇళ్లలో పెళ్లికూతురిని మండపానికి మేనమామే ఎత్తుకొని వస్తాడు. పెద్దవాళ్ల మీద ఈ క్రియ వాడకూడదన్న నియమానికి ఇదొక పండుగ మినహాయింపు. ఆ నాలుగడుగుల దూరం ఆమె మళ్లీ ఆ ఇంటి చిన్నపిల్ల.

మనుషుల తర్వాత ఈ మాట ఎక్కువగా అంటిపెట్టుకున్నది దేవతలను. పోచమ్మకు పెట్టే బోనాన్ని, ఐనవోలు మల్లన్న జాతరలో కుండకు పసుపు రాసి, వేపాకు కట్టి, పైన దీపం పెట్టిన బోనాన్ని ఆడవాళ్లు నెత్తిన ఎత్తుకుంటారు. బోనం మోశారని అనడం అరుదు. మోస్తే బరువు, ఎత్తుకుంటే మొక్కు. హనుమకొండలో పండుగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ నాడు వేయిస్తంభాల గుడి దగ్గర, చివరి రోజైన సద్దుల నాడు పద్మాక్షి గుండం దగ్గర తాంబాలాల్లో పేర్చిన బతుకమ్మలను రెండు చేతులతో ఎత్తుకొని వచ్చే వరుసలు చూస్తే, చిన్నపిల్లలకూ పూలకూ ఒకే క్రియ ఎందుకు వాడతారో తెలుస్తుంది. బతుకమ్మను పట్టే పద్ధతి కూడా పసిపిల్లను పట్టే పద్ధతే: కిందొక చెయ్యి, పక్కనొక చెయ్యి, కళ్లు దాని మీద.

మేడారంలో ఇంకో మలుపు ఉంది. రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి సమ్మక్క సారలమ్మ గద్దెల దగ్గరికి వచ్చే భక్తులు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని సమర్పిస్తారు. బెల్లాన్ని అక్కడ బంగారం అంటారు, ఈ మొక్కును నిలువెత్తు బంగారం, ఎత్తు బంగారం అంటారు. నిలువెత్తు అంటే మామూలుగా నిలబడినంత ఎత్తు. కానీ తూకంలో ఒక పక్క మనిషి, ఇంకో పక్క బెల్లం పెట్టినప్పుడు ‘ఎత్తు’ అంటే బరువు. ‘తులం ఎత్తు’ అన్న పాత కొలతలోనూ ఇదే అర్థం. అంటే ‘ఎత్తు’ అనే నామవాచకంలో పొడవూ ఉంది, బరువూ ఉంది. ఎత్తుకొను అన్న క్రియకు ఆ రెండోదే ఎక్కువ అబ్బిందని చెప్పవచ్చు. ఇంకో గమనించదగ్గ సంగతి: చిలకలగుట్ట నుంచి సమ్మక్కను, కన్నెపల్లి నుంచి సారలమ్మను పూజారులు తీసుకొస్తారు, తోడ్కొని వస్తారు. ‘ఎత్తుకొచ్చారు’ అని ఎవరూ అనరు. ఎత్తుకొచ్చుడు అన్న రూపానికి అప్పటికే దొంగతనం వాసన పట్టింది.

పాటను ఎత్తుకోవడం వేరే దారి. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక చరణం ఎత్తుకుంటే పక్కవాళ్లు వంత పాడతారు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు కూడా ఒకామె ఎత్తుకోవాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ‘నువ్వెత్తుకో, మేం అందుకుంటం’ అంటారు. మొదలుపెట్టడం అని దీనికి అర్థం రాస్తే సరిపోదు. ఎత్తుకున్నామె పాట మరిచిపోతే అందరూ ఆగిపోతారు, శ్రుతి తప్పితే అందరికీ తప్పుతుంది. బాధ్యత అక్కడ గొంతు మీద ఉంది. ఉద్యమాల భాషలో సమస్యను భుజానికెత్తుకోవడం, నినాదం ఎత్తుకోవడం ఇక్కడి నుంచే వచ్చినట్టుంటాయి. తలకెత్తుకోవడం, నెత్తికెత్తుకోవడం గౌరవం శ్రుతి మించినప్పుడు అనేవి. బిచ్చమెత్తుకోవడంలో ఉన్నది ఒంటి బరువు కూడా కాదు, కడుపు బరువు. చివర ‘వేయు’ చేరితే కథ తలకిందులవుతుంది: బస్టాపు ఎత్తేశారు, పథకం ఎత్తేశారు, చేతులెత్తేశారు. తీసుకోవడం పోయి వదిలేయడం మిగులుతుంది.

ఇక దొంగతనం. ‘ఎత్తుకొని పోయింది’, ‘ఎత్తుకపోయింది’ అన్న రెండు రూపాల మధ్య తేడా ‘కొని’ కాస్తా ‘క’గా కుదించుకుపోవడమే. ‘తల్లి పిల్లను ఎత్తుకొని దవాఖానకు పోయింది’ అంటే రెండు పనులు విడివిడిగా కనిపిస్తాయి, తప్పేమీ లేదు. ‘ఎవరో పిల్లను ఎత్తుకపోయిండ్రు’ అంటే రెండూ అతుక్కుని ఒకే నేరమైపోతాయి. పక్క ఊళ్లో కోడిని ఎత్తుకపోయినా, ఒకరి ఆలోచన ఇంకొకరు ఎత్తుకొచ్చినా ఇదే రూపం. రాతలో ఇది ‘ఎత్తుకుపోయారు’, ‘ఎత్తుకెళ్లారు’ అవుతుంది, అర్థం మారదు. పిల్లలకు ఈ అర్థం చాలా తొందరగా తెలుస్తుంది. పెద్దలు ఇవ్వడం ఇష్టం లేని వస్తువును వెనక దాచి ‘కాకెత్తుకపోయింది’ అంటారు, అన్నం తినకపోతే ‘బూచోడు ఎత్తుకపోతడు’ అని భయపెడతారు. అమ్మ ఎత్తుకుంటే ధైర్యం, బూచోడు ఎత్తుకుంటే భయం. చేతుల్లో తేడా తప్ప మాటలో తేడా లేదు. బెదిరింపుకు ఈ మాట వాడటం మానేస్తే మంచిదని చెప్పాలనిపిస్తుంది, పిల్ల చేతులు చాపి అడిగే మాట అది.

పెద్దవాళ్లలో ఈ భయం ఎంత దూరం పోగలదో 2018 మే నెలలో తెలంగాణ చూసింది. పిల్లలను ఎత్తుకపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు పాకాయి. ఊళ్లలో రాత్రిళ్లు కాపలాలు మొదలయ్యాయి. దారిన పోయే అమాయకులను పట్టుకొని కొట్టారు, ప్రాణాలు కూడా పోయాయి. దొంగలెవరో, ఎక్కడో తెలియకుండానే ఆ ఒక్క క్రియ జనాన్ని లేపింది.

చట్టం మాత్రం చేతులతో ఎత్తడాన్ని అడగదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్ ప్రకారం, సంరక్షకుల అనుమతి లేకుండా వారి సంరక్షణలోంచి పిల్లలను తీసుకెళ్లినా, ఆశ చూపి తమ వెంట రప్పించుకున్నా అది కిడ్నాపే. అలా తీసుకెళ్లేవాళ్ల వెంట పదిహేనేళ్ల పిల్ల తన కాళ్ల మీద నడిచి వెళ్లినా వర్తిస్తుంది. వాడుకలో ‘ఎత్తుకెళ్లారు’ అనగానే చంకలో పసిపిల్ల కనిపిస్తుంది కాబట్టి, పెద్దపిల్లల విషయంలో ఇది కూడా అదే నేరమన్న స్పృహ జనానికి తక్కువ. ఇంకో చిక్కు భార్యాభర్తల గొడవల వార్తల్లో వస్తుంది. విడిగా ఉంటున్న తండ్రి బడి దగ్గర నుంచి సొంత కొడుకును తన ఇంటికి తీసుకెళ్తే, మరునాడు శీర్షికలో ‘ఎత్తుకెళ్లిన తండ్రి’ అని పడుతుంది. పిల్లవాడు ఎవరి దగ్గర ఉండాలో కోర్టు ఇంకా తేల్చకపోవచ్చు, తల్లి ఫిర్యాదు నిజమూ కావచ్చు. కానీ అప్పటికే ఆ క్రియ తీర్పు చెప్పేసింది, రేపు ఆ పిల్లవాడు బడికి పోతే తోటి పిల్లలు అదే మాట అంటారు. కేసు తేలేదాకా ‘తీసుకెళ్లిన’ అని రాయడానికి శీర్షికలో ఒక్క అక్షరం చోటు కూడా ఎక్కువ పట్టదు.